కేరీ దొరగారి మొదటి భార్య

ధ్యానమునకు: 1 సమూయేలు 1:9–18; 1 పేతురు 3:7



విలియం కేరీ గారి పేరు ఎరుగని క్రైస్తవ కుటుంబము మన తెలుగు సంఘములలో అరుదు. ఆదివారపు బడి పిల్లలు సైతము ఆయనను గూర్చి చెప్పగలరు. ఆయన చెప్పులు కుట్టుచు లోకమంతటి కొరకు ప్రార్థించినవాడు. బెంగాలు దేశమునకు వచ్చి అనేక భాషలలో లేఖనములను అచ్చు వేయించినవాడు. మన భాషయు ఆయనకు ఋణపడి యున్నది. 1814లో ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణము వెలువడెను. 1818లో శ్రీరాంపూరు ముద్రాలయమున తెలుగు క్రొత్త నిబంధన అచ్చాయెను. నేడు మనము చదువు బైబిలు ఆ తర్జుమా కాదు. అయినను తెలుగువారికి వాక్యమును అందింప ప్రయాసపడిన తొలివారిలో ఆయన యొకడు.

అయితే ఆయన భార్య పేరేమని అడిగినయెడల పెద్దలు సైతము ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. ఆమె పేరు డొరతీ. వారు 26 సంవత్సరములు భార్యాభర్తలుగా నుండిరి. అందులో చివరి పండ్రెండేండ్లు ఆ యింట నెమ్మది యన్నది లేదు. ఈ మాసము ఆ యింటి సంగతి వ్రాయుచున్నాను. ఎందుకనగా నెమ్మది లేని కాపురములు మన సంఘములలోను ఉన్నవి. అవి ఎందుకు విడిపోక నిలుచుచున్నవో, నిలిచినంత మాత్రమున చాలునో చాలదో మనము ఆలోచింపవలసి యున్నది.

పెండ్లియు పేదరికమును

కేరీ గారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండు దేశమున పాలర్స్‌పరీ యను పల్లెలో జన్మించెను. తండ్రి మొదట మగ్గము నేసి బ్రతికినవాడు, తరువాత పల్లెబడి పంతులు. ఎండలో పని చేసినయెడల చర్మవ్యాధి బాధించుటచేత, కుర్రవానిని పొలము పని మాన్పించి చెప్పులు కుట్టువాని యొద్ద పనికి పెట్టిరి. తోలును, ఆరెయు, దారమును పట్టిన చేతులే తరువాత గ్రీకు, హెబ్రీ పుస్తకములను పట్టినవి. మనలో అనేకుల తాతలు ఈ పనియే చేసిరి గనుక, ఈ మాట మనకు ప్రత్యేకముగా ప్రియమైనది.

1781 జూన్ 10వ తేదీన పిడింగ్టన్ గుడిలో ఆయనకు డొరతీతో పెండ్లి జరిగెను. ఆయనకు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. ఆమె ఆయనకంటె అయిదారేండ్లు పెద్దది. భక్తిగల యింటి పిల్లయే గాని అక్షరము రాదు. మన తల్లులు వేలిముద్ర వేసినట్లు, ఆమె పెండ్లి పుస్తకములో గుర్తు పెట్టెను. ఆ దినమున ఆమె పెండ్లియాడినది ఒక పల్లెలో చెప్పులు కుట్టుకొను పనివానిని. సముద్రములు దాటవలసి వచ్చునని ఆమె కలలోనైనను అనుకొని యుండదు.

వారి తొలిచూలు బిడ్డ రెండవ యేట జ్వరముతో పోయెను. అదే జ్వరము తండ్రికిని సోకి, ఆయన తల వెండ్రుకలు రాలిపోయెను. ఇంటిలో తినుటకు కొరత. పగలు బడి చెప్పి, రాత్రి చెప్పులు కుట్టి, ఆదివారము ప్రసంగము చేసినను చేతికి వచ్చునది స్వల్పము. ఆయన మనస్సు మాత్రము దూరదేశముల మీద నుండెను. గోడమీద భూగోళపటము వ్రేలాడదీసి, ఏ దేశమున ఎందరు జనులు, వారి మతమేమి యని వ్రాసుకొనుచుండెను. 1792లో ఆ సంగతులతో ఒక పుస్తకము ప్రకటించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2వ తేదీన కెటరింగు పట్టణమున కొద్దిమంది బాప్టిస్టు బోధకులు కూడి మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఇండియాకు వెళ్లుటకు కేరీ గారు సిద్ధపడెను.

అడుగని ప్రశ్న

డొరతీ రానని చెప్పెను. ఈ కారణముచేత పూర్వపు జీవితచరిత్రకారులు కొందరు ఆమెను మిక్కిలి నిందించిరి. ప్రియులారా, నిందించుటకు ముందు ఆమె స్థితిని చూడుడి. ఇద్దరు ఆడుబిడ్డలను మట్టిలో పెట్టినది. ముగ్గురు మగబిడ్డలు చేతిక్రింద నున్నారు. మరల గర్భవతి. వెళ్లవలసిన దేశము అయిదు నెలల ఓడ ప్రయాణమంత దూరము. మరల పుట్టింటివారి ముఖము చూతునన్న ఆశ లేదు. మన యిండ్లలోని ఏ తల్లియైనను ఆ మాటయే చెప్పును.

కేరీ గారు ఆమెను విడిచి, పెద్ద కుమారుడైన ఫెలిక్సును మాత్రము తీసికొని బయలుదేరెను. అయితే అనుమతి పత్రము లేదని ఆ ఓడనుండి వారిని దింపివేసిరి. ఈలోగా 1793 మే మాసమున ఆమెకు నాలుగవ మగబిడ్డ పుట్టెను. ఆలస్యము కలిగినందున కేరీ గారును, ఆయనతో వచ్చుచున్న డాక్టరు జాన్ తామస్ గారును ఆమె యొద్దకు తిరిగి వెళ్లిరి. ఆమె మరల రానని చెప్పెను. ఇద్దరును కొంతదూరము వచ్చిన తరువాత, తామస్ గారు వెనుకకు మరలి, ఇప్పుడు రానియెడల కుటుంబము చెదరిపోవునని, జీవితమంతయు పశ్చాత్తాపపడుదువని ఆమెను భయపెట్టెను. నెల బాలింతయైన ఆ తల్లి, చెల్లెలు క్యాథరిన్ తోడు వచ్చినయెడల వత్తునని ఒప్పుకొనెను. జూన్ 13వ తేదీన ఒక డేనిష్ ఓడలో వారందరు బయలుదేరిరి.

దీనిని మన చరిత్ర పుస్తకములు దేవుడు ద్వారము తెరచిన ఘట్టముగా చెప్పును. ద్వారము తెరవబడిన మాట నిజమే. కాని ఆ ద్వారమున ఒక స్త్రీ సంతోషముతో ప్రవేశింపలేదు, భయముతో ప్రవేశించెను. నీ మనస్సులో ఏమున్నదని నెమ్మదిగా కూర్చుండి ఆమెను అడిగినవారు కనబడరు. ఎట్లు ఒప్పింతుమా అన్నదే అందరి ఆలోచన.

బెంగాలు దేశమున

1793 నవంబరు 11వ తేదీన వారు కలకత్తా చేరిరి. తెచ్చిన సొమ్ము త్వరలోనే ఖర్చాయెను. ఊరు మారి ఊరు, ఇల్లు మారి ఇల్లు. డొరతీకిని ఫెలిక్సుకును రక్తవిరేచనములు పట్టుకొనెను. 1794 మొదటి భాగమున సుందరవనముల చెంత అడవి ప్రదేశమునకు పడవమీద వెళ్లి, అక్కడ ఒక తెల్లదొర దయతో కొంతకాలము తలదాచుకొనిరి. భార్య సణుగుచున్నదని కేరీ గారు తన దినచర్య పుస్తకములో దుఃఖముతో వ్రాసుకొనెను. ఆమె దినచర్య వ్రాసినది కాదు గనుక ఆమె దుఃఖము మనకు చేరలేదు.

ఆ సంవత్సరమే కేరీ గారికి మదనబతీ యను స్థలమున నీలిమందు కర్మాగారములో ఉద్యోగము దొరికెను. వారు ఉత్తరమునకు ప్రయాణమైరి. చెల్లెలు క్యాథరిన్ మాత్రము తమకు ఆశ్రయమిచ్చిన ఆ దొరను పెండ్లియాడుటకు అక్కడనే నిలిచిపోయెను. ఏ తోడు ఉన్నదని డొరతీ ఓడ ఎక్కెనో, ఆ తోడు పోయెను. అక్టోబరులో అయిదేండ్ల పిల్లవాడైన పీటరు జబ్బుచేసి చనిపోయెను. తండ్రి తానే జ్వరముతో నుండెను. కులము చెడునను భయముచేత పెట్టె చేయుటకు గాని, గుంట త్రవ్వుటకు గాని, మోయుటకు గాని మనుష్యులు దొరకక ఆ తలిదండ్రులు పడిన బాధ చెప్పనలవి కాదు.

1795వ సంవత్సరము నాటికి డొరతీ మనస్సు చెదరెను. భర్త పరస్త్రీలతో తిరుగుచున్నాడని ఆమె నమ్మెను. ఆయన వెంట వీధిలో నడచి, పదిమందిలో ఆయనను తిట్టెను. ఒకటి రెండు పర్యాయములు ఆయన ప్రాణమునకే అపాయము కలిగెను. ఆయనయందు అట్టి దోషమేమియు లేదని చుట్టునున్నవారందరు ఎరుగుదురు. అది దుర్గుణము కాదు, దయ్యము కాదు, రోగము. నేడు వైద్యులు దానిని మనోరోగమని గుర్తించి చికిత్స చేయుదురు. ఆ దినములలో దానికి మందు లేదు. ఇట్టి రోగమునకు పనికివచ్చు మందులు 1950 తరువాతనే లోకమునకు దొరికినవి.

1800 జనవరిలో ఆ కుటుంబము శ్రీరాంపూరు చేరెను. అక్కడ మార్ష్‌మన్ దంపతులును, వార్డు గారును ఉండిరి. అందరిది ఒకే కుటుంబము, ఒకే భోజనపు బల్ల. డొరతీని ఒక గదిలో నుంచి, తలుపు వేయవలసి వచ్చెను. ప్రక్క గదిలో భర్త పండితులతో కూర్చుండి వాక్యమును తర్జుమా చేయుచుండెను. ఆ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన హుగ్లీ నదిలో కృష్ణపాల్ అను వడ్రంగికిని, ఫెలిక్సుకును కేరీ గారు బాప్తిస్మమిచ్చెను. ఏడేండ్ల కన్నీటికి అది మొదటి ఫలము. అదే దినమున డొరతీ ఒక గదిలో కేకలు వేయుచుండెను. ఆమెను ఓడ ఎక్కించిన తామస్ గారు కూడ మతి చలించి మరియొక గదిలో నుండెను. నది యొడ్డున పాటయు, ఇంటిలో కేకయు ఒకే దినమున వినబడినవి. మనము పాటను మాత్రమే జ్ఞాపకముంచుకొంటిమి.

1807 డిసెంబరు 8వ తేదీన డొరతీ ప్రభువునందు నిద్రించెను. ఆమెకు అప్పటికి ఏబదియొక సంవత్సరములు.

ఎందుకు విడిపోలేదు?

కేరీ గారు భార్యను విడిచిపెట్టలేదు. దీనికి కారణములు అనేకములు. మొదటిది చట్టము. ఆ కాలమున ఇంగ్లీషువారికి విడాకులు కావలెనన్న పార్లమెంటుచేత ప్రత్యేక శాసనము చేయించుకొనవలెను. అది ధనవంతులకు గాని సాధ్యము కాదు. కోర్టు ద్వారా విడాకులు పొందు చట్టము అక్కడ 1857లో వచ్చెను. మన దేశపు క్రైస్తవులకు 1869లో వచ్చెను. రెండవది పిల్లలు. మూడవది ఆయన మనస్సాక్షి. దేవుని యెదుట చేసిన ప్రమాణమును ఆయన తేలికగా ఎంచలేదు. ఆ కాలపు పిచ్చాసుపత్రులలో రోగులను బంధించి యుంచు వాడుక ఉండెను. ఆయన ఆమెను తన యింటనే యుంచుకొనెను. కోపముతో ఆమెను కొట్టినట్లు గాని, వీధిలో విడిచినట్లు గాని ఎవరును వ్రాయలేదు. తన్ను తిట్టినదానికి పండ్రెండేండ్లు అన్నము పెట్టి కాపాడుట సామాన్యమైన సంగతి కాదు. ఇది మనము ఆయనయొద్ద నేర్చుకొనదగినది.

డొరతీ ఎందుకు విడిచి వెళ్లలేదు? ఆమెకు వెళ్లు త్రోవయే లేదు. వివాహిత స్త్రీకి తనదని చెప్పుకొను ఆస్తి లేని కాలమది. పుట్టిల్లు సముద్రములకు ఆవల. తోడబుట్టినది దూరము. మనస్సు తన వశములో లేదు. ఆయన నిలిచెను. ఆమెకు నిలుచుట తప్ప మరియొకటి లేకపోయెను. బయటనుండి చూచువారికి రెండును ఒకటిగానే కనబడును. దేవునికి అట్లు కనబడదు.

ఆ యింటి పిల్లల సంగతియు మరువరాదు. తల్లి గదిలో, తండ్రి పుస్తకములలో. తండ్రి వారములో కొన్ని దినములు కలకత్తా కాలేజీలో పాఠములు చెప్పుచుండెను. మగబిడ్డలు అదుపు లేక తిరుగుచుండగా హన్నా మార్ష్‌మన్ అమ్మగారును వార్డు గారును వారిని దగ్గరకు తీసికొని దిద్దిరి. పిల్లలకొరకు కలిసి యున్నామని మనము చెప్పుదుము. కలిసియున్న యింటిలో సైతము పిల్లలు దిక్కులేనివారు కావచ్చును. అప్పుడు పొరుగింటివారును సంఘమును వారికి తల్లి కావలెను.

1808 మే మాసమున కేరీ గారు షార్లెట్ రూమోర్ అను దొరసానిని పెండ్లియాడెను. ఇంత త్వరగానా అని తోటి మిషనరీలు కొందరు నొచ్చుకొనిరి. అయినను 1821లో ఆమె మరణించువరకు ఆ కాపురము మిక్కిలి సంతోషముగా జరిగెను. భర్త మారలేదు, ఊరు మారలేదు, ఎండ మారలేదు. షార్లెట్ అమ్మ తన యిష్టముతో శ్రీరాంపూరు వచ్చి, తన యిష్టముతో బాప్తిస్మము పొంది, ఆ పనిని ఎరిగి ఆ యింటిలో ప్రవేశించెను. ఇద్దరును పుస్తకములు చదివి మాటలాడుకొనగలవారు. డొరతీకి ఈ రెండును దొరకలేదు. అది ఆమె పాపము కాదు.

మన సంఘములలో

మన పల్లెలలో నెమ్మది లేని దంపతులు ఎందుకు కలిసి యున్నారు? పిల్లలు చిన్నవారు. ఆడపిల్లకు సంబంధము రాదను భయము. పుట్టింట అన్నదమ్ములకు భారమగుదునను సిగ్గు. రెండెకరముల పొలము ఇద్దరి కష్టము. నలుగురు ఏమందురో, ప్రభువు బల్లకు దూరము చేయుదురేమో. వీటిలో ప్రేమయు ఉండవచ్చును. కొన్ని కాపురములు చెడు దినములను దాటి, ముసలితనములో మంచి స్నేహముగా మారుట నేను చూచితిని. కాబట్టి కష్టము వచ్చిన మొదటి దినముననే విడిపొమ్మని నేను చెప్పుట లేదు. అయితే కలిసి యుండుటయే పరిశుద్ధత యనుకొని ఊరకుండుటయు తప్పే.

నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఒక సాయంకాలము ఒక భార్యాభర్తలు నా యొద్దకు వచ్చిరి. భర్త అరగంట మాటలాడెను. భార్య కొంగు వ్రేలికి చుట్టుకొనుచు గోడప్రక్కన నిలిచి యుండెను. నేను వాక్యము చదివి, ప్రార్థన చేసి, సర్దుకొని పొమ్మని పంపితిని. వారు కలిసియే యున్నారు. ఆదివారమున ఇద్దరును గుడికి వచ్చుచున్నారు. పని సఫలమైనదని నేను సంతోషించితిని. డొరతీ చరిత్ర చదువుచున్నప్పుడు, ఆ సాయంకాలము ఆ సహోదరిని నేను ఒక్క ప్రశ్నయు అడుగలేదని జ్ఞాపకమాయెను. తరువాత నా భార్యతో కూడ వారి యింటికి వెళ్లి అడిగితిమి. ఆమె చెప్పినది ఇక్కడ వ్రాయదగినది కాదు. అడుగుటలో నేను చేసిన ఆలస్యమే వ్రాయదగినది.

యాజకుడైన ఏలీ చేసిన తప్పు ఇదియే గదా. హన్నా దుఃఖముతో పెదవులు కదుపుచుండగా ఆమె త్రాగి యున్నదనుకొనెను. అయితే ఆమె తన వేదన చెప్పినప్పుడు విని, సమాధానముతో పంపెను. ఆమె మరి దుఃఖముఖియై యుండలేదని లేఖనము తెలుపుచున్నది. ఆమె పరిస్థితి ఆ దినమున మారలేదు. ఒకడు విన్నందున ఆమె ముఖము మారెను.

భర్తలకు పేతురు వ్రాసినది మరింత భయము పుట్టించును. భార్యను ఎరిగి, గౌరవించి కాపురము చేయనివాని ప్రార్థనలకే అభ్యంతరము కలుగునని ఆయన బోధ. పరిచర్య యెంత గొప్పదైనను, ఇంటిలోని మనిషిని ఎరుగకపోవుటకు అది సాకు కాదు. ఇది బోధకులమైన మాకు మొదట వర్తించును.

ఇంటిలో ఎవరికైనను మతి చలించినయెడల, లేని అనుమానములు పట్టుకొన్నయెడల, తాయెత్తులకును దయ్యములు వదలించువారికిని పరుగెత్తకుడి. ప్రార్థన చేయుడి, ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొని వెళ్లుడి. లూకా వైద్యుడని మరువకుడి. డొరతీకి లేని మందులు మనకున్నవి. ఇంటిలో దెబ్బలు తినుచున్న సహోదరిని ఓర్చుకొమ్మని తిరిగి ఆ దెబ్బలలోనికే పంపకుడి. ఆమె రక్షణకు 2005లో చేసిన గృహహింస చట్టమున్నది. మొదట ఆమె ప్రాణము, తరువాత పంచాయితీ. 2001లో సవరించిన క్రైస్తవ వివాహ విచ్ఛేద చట్టము ప్రకారము, ఇద్దరును సమ్మతించి విడిపోవుటకు కూడ వీలున్నది. అట్లు విడిపోవలసి వచ్చినవారిని సంఘము వెలివేసినట్లు చూడరాదు. దేవుడు మనలను సమాధానమునకు పిలిచెనని కొరింథీయులకు పౌలు వ్రాసెను.

ఈ మాసము ప్రతి దంపతులును ఒక రాత్రి దీపము యెదుట కూర్చుండి, ఒకరినొకరు ఒక ప్రశ్న అడుగవలెనని నా మనవి. నీ మనస్సులో ఏమున్నదని అడుగుడి. అడిగి, జవాబు చెప్పువరకు ఊరకుండుడి. మధ్యలో ఎదురు చెప్పకుడి. డొరతీని ఆ ప్రశ్న ఎవరైన అడిగియుండిన, ఆమె ఓడ ఎక్కెడిదో లేదో మనకు తెలియదు. ఎక్కినను, ఒంటరిగా ఎక్కియుండెడిది కాదు.

ప్రార్థన

దయగల తండ్రీ, మూసిన తలుపుల వెనుక ఏడ్చువారి స్వరము నీకు వినబడుచున్నది. మా యిండ్లలో కలిసి యుండియు ఒంటరిగా నున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. వినుటకు మా చెవులు తెరువుము. నీ పని పేరట మా యింటివారిని మరచిన పాపమును క్షమించుము. భయముతో నిలిచినవారికి త్రోవ చూపుము, ప్రేమతో నిలిచినవారికి బలమిమ్ము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.